తహసీన్ మేడం ఐదో గడి

తన డప్పు తాను కొట్టుకునేవాణ్ణి చూసి ఊళ్ళో నవ్వుతారు. యూనివర్సిటీలో మాత్రం దానికొక ఫారం ఉంది, ఆఖరు తేదీ ఉంది, కింద సంతకం పెట్టడానికి చుక్కల గీత ఉంది. పులివెందుల బయట ఉన్న పాపాఘ్ని యూనివర్సిటీలో దాన్ని స్వీయ మూల్యాంకన పత్రం అంటారు. ఏటా ఏప్రిల్లో, తారు రోడ్డు మెత్తబడే ఎండల్లో, అధ్యాపకులంతా ఏడాది పొడుగునా తాము వెలగబెట్టిందేమిటో ఎవరికి వారే రాసుకుని ఇవ్వాలి. పాఠం చెప్పడం వచ్చిన వాళ్ళకు ఈ ఫారం నింపడం సాధారణంగా రాదు. ఫారం నింపడం బాగా వచ్చిన వాళ్ళ పాఠం సంగతి వాళ్ళ విద్యార్థులను అడిగితే తెలుస్తుంది.

సివిల్ ఇంజినీరింగ్ చెప్పే తహసీన్ మేడం పన్నెండేళ్ళుగా ఆ ఫారంలో ఐదో గడి దగ్గరికి వచ్చేసరికి ఆగి, సున్నా చుట్టి, సంతకం పెట్టేది. గళ్ళు మొత్తం ఐదు. పాఠాలకు ముప్పై మార్కులు, విద్యార్థుల అభిప్రాయానికి ఇరవై, పరిశోధన పత్రాలకు ముప్పై, కాలేజీ పనులకు పది. ఐదోది "తరగతి బయట విద్యార్థులకు చేసిన సాయం", దానికి పది. ఈ ఏడాది పాఠాల్లో ఆమెకు ఇరవై ఎనిమిది వచ్చాయి. విద్యార్థులు పద్దెనిమిది వేశారు. కాలేజీ పనులకు ఆరు. పరిశోధనకు నాలుగు, అదీ ఎప్పుడో సిమెంటు ఇటుకల మీద చేసిన పని పుణ్యమా అని. అంతా కలిపితే యాభై ఆరు.

ఇంతకుముందైతే యాభై ఆరైనా తొంభై ఆరైనా అడిగే నాథుడు లేడు. మూడేళ్ళ కింద కొత్త నిబంధన వచ్చింది. వరసగా మూడేళ్ళు అరవైకి తగ్గితే కాంట్రాక్టు పొడిగించరు. తహసీన్‌కు మొదటి ఏడాది యాభై ఐదు, రెండో ఏడాది యాభై ఏడు. ఇది మూడోది. నలభై రెండేళ్ళ వయసులో, తనకు చేతనైన ఒకే ఒక్క పని నాలుగు మార్కుల దగ్గర చేజారిపోయేలా ఉంది.

మరి ఐదో గడిలో రాయడానికి ఆమె దగ్గర ఏమీ లేదా అంటే, ఒక బస్సెడు ఉంది.

తహసీన్ పుట్టింది జమ్మలమడుగులో, మెట్టింది ప్రొద్దుటూరులో. భర్త హఫీజ్ అక్కడి బంగారు అంగట్లో గీటురాయి మీద నగలు గీసి వన్నె చూసే మనిషి. ఉద్యోగమేమో పులివెందులలో. పొద్దున ఆరున్నరకు ప్రొద్దుటూరులో కదిలే పల్లెవెలుగు బస్సు జమ్మలమడుగులో పెన్న దాటి, ముద్దనూరు, తొండూరు మీదుగా రెండు గంటల పైచిలుకు ప్రయాణంలో పులివెందుల చేరుతుంది. దారి పొడుగునా ఇంజినీరింగ్ పిల్లలు ఎక్కుతారు. వెనక నాలుగు వరసలూ వాళ్ళవే.

పన్నెండేళ్ళ కింద ముద్దనూరులో ఎక్కిన ఒక అమ్మాయి, మగపిల్లల ముందు నోరు విప్పలేక, "దూలం యాడ ఎక్కువ వంగుతాది మేడం, ఎందుకు?" అని టికెట్టు వెనక రాసి, చేతులు మార్చి ముందు సీట్లో ఉన్న మేడానికి పంపింది. టికెట్టు చిన్నది, జవాబు పెద్దది. తహసీన్ లేచి వెనక్కి వెళ్ళింది. నిలబడేవాళ్ళు పట్టుకునే కమ్మీకి బరువైన పుస్తకాల సంచి ఒకటి నడిమధ్యన తగిలించి చూపింది, తర్వాత దాన్నే ఒక చివరికి జరిపి చూపింది. ఆ పిల్ల మొహం విప్పారింది. మరునాడు నాలుగు టికెట్లు వచ్చాయి.

కండక్టరు మనోహర్ విసుక్కున్నాడు. "ఇట్ల టికెట్ల మీద గీకితే చెకింగోళ్ళు ఎక్కినప్పుడు నేనేం చెప్పాల మేడం? ఇదో, దీంట్లో రాసుకోమని చెప్పండి" అని ఒక పొడుగు నోటుబుక్కు తెచ్చి, మూలన బెజ్జం పెట్టి, వెనక కిటికీ కమ్మీకి దారంతో కట్టాడు.

అదే బస్సు పుస్తకం. దానికి ఒకే నియమం, అడిగేవాళ్ళు పేరు రాయకూడదు. పేరు లేకపోతే సిగ్గుండదు, సిగ్గు లేకపోతే ఎంత తెలివితక్కువ ప్రశ్నయినా బయటికొస్తుంది. తెలివితక్కువ ప్రశ్న బయటపెట్టినవాడే పరీక్ష గట్టెక్కుతాడని తహసీన్ నమ్మకం. పొద్దున బస్సులో ప్రశ్నలు పడేవి, సాయంత్రం బస్సులో ఆమె కూర్చుని జవాబులు రాసేది. కుదుపులకు అక్షరాలు వంకర్లు పోయేవి. తొండూరు రోడ్డు బాగుపడిన ఏడాది నుంచి ఆమె దస్తూరీ కూడా బాగుపడింది. పన్నెండేళ్ళలో పదమూడు పుస్తకాలు నిండి, పద్నాలుగోది నడుస్తోంది. నిండినవాటిని మనోహర్ పారెయ్యకుండా డిపోలో తన పెట్టెలో పెట్టుకునేవాడు.

ఇంత ఉండీ సున్నా ఎందుకు చుట్టేదో తెలియాలంటే ఆమె తల్లి మాబున్ని దగ్గరికి పోవాలి.

మాబున్ని జమ్మలమడుగులోని మిషన్ ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు ఆయాగా పనిచేసింది. భర్త చిన్న వయసులోనే పోతే ఒక్కతే కూతుర్ని పెంచింది. రొట్టెలు చేస్తే పక్కింటి ముసలామెకు రెండు కొంగు చాటున పట్టుకుపోయేది. "కుడిచేత్తో ఇచ్చింది ఎడమచేతికి తెలియగూడదు. చెప్పుకుంటే సవాబు పోతాది" అనేది. సవాబంటే పుణ్యం. ఒకసారి చిన్న తహసీన్ బడిలో ఒక పిల్లకు పెన్సిలు ఇచ్చానని ఇంటికొచ్చి గొప్పగా చెప్పుకుంది. మాబున్ని తన పోపుల డబ్బాలోంచి చిల్లర తీసి, ఇంకో పెన్సిలు కొనిచ్చి, దాన్నీ ఆ పిల్లకే ఇచ్చి రమ్మని పంపింది. మొదటిది చెప్పుకోవడంతోనే లెక్కలోంచి పోయిందట.

వినడానికి నవ్వొస్తుంది గానీ, ఆ పెన్సిలు నలభై రెండేళ్ళ మేడం చేతిని ఇంకా వదల్లేదు. ఐదో గడి ముందు కూర్చుంటే చేసిన సాయానికి తానే చెయ్యి చాపి మార్కులు అడుక్కుంటున్నట్టు ఉండేది. అడగందే అమ్మైనా పెట్టదంటారు. ఈ అమ్మ అడగనే వద్దని పెంచింది, ఏం చేస్తాం.

పక్క గదిలో కూర్చునే షోయబ్ సారు చిన్నవాడు, మనసున్నవాడు. సంగతి తెలిసి ఒక దారి చెప్పాడు. "మేడం, నా పేపరొకటి అచ్చుకు పోతాంది. నాలుగో పేరు మీది పెడతా. ఆరు మార్కులు వస్తాయి. ఎవురికీ నష్టం ల్యా, అందరూ చేస్తాండేదే."

తహసీన్ కాదనలేదు. ఇక్కడ ఆమెను మరీ దేవతను చేయకూడదు. ఆ పేపరు ఇంటికి తీసుకుపోయింది, రెండుసార్లు చదివింది. మంచి పేపరే. అందులో తన మాట ఒక్కటీ లేదు. హఫీజ్‌ను అడిగింది.

"వద్దని నేననను" అన్నాడు హఫీజ్. "ఉద్యోగం పోతే ఎట్లని నాకూ భయంగానే ఉండాది. గానీ గీటురాయి మీద గీసేది నగను, నగ పెట్టుకునే పెట్టెను గాదు. రేపు ఎవుడన్నా నిన్ను గీసి చూస్తే ఏం రంగు పడతాదో అది నువ్వే చూసుకో."

మరునాడు పేపరు తిరిగి ఇచ్చేసింది. అందులో కనబడిన మూడు తప్పులు పెన్సిలుతో దిద్ది మరీ ఇచ్చింది. ఇప్పుడు నిజంగానే మీ పేరు పెట్టొచ్చని షోయబ్ నవ్వాడు. తప్పులు దిద్దేది పంతులు పనేనని, దానికి పేరెందుకని, ఆమె క్లాసుకు పోయింది.

మే నెల రెండో వారంలో కమిటీ పిలిచింది. డీన్ రాఘవేంద్రప్రసాద్ నిక్కచ్చి మనిషి. ఎవరి మీదా కోపం లేదు, ఎవరి మీదా ప్రత్యేకంగా ప్రేమా లేదు. ఫారం ముందు పెట్టుకుని అన్నాడు.

"తహసీన్ గారూ, మీ పాఠం గురించి ఇన్నేళ్ళలో ఒక్కరు కూడా చెడ్డమాట చెప్పలేదు. కానీ నేను మార్కులు వేసేది గళ్ళకు. మాటలకు వేస్తే ఈ గది ముందు పొగిడేవాళ్ళ బారు నిలబడుతుంది. ఐదో గడిలో మళ్ళీ సున్నా పెట్టారు. నిజంగా ఏమీ లేదా?"

"రాసేంతది ఏమీ లేదు సార్" అంది తహసీన్.

అప్పుడే తలుపు దగ్గర అటెండరుతో ఎవరో వాదులాడుతున్న చప్పుడైంది. "బస్సు కదిలేకి ఇరవై నిమిషాలే ఉండాది, జరగప్పా" అంటూ ఖాకీ చొక్కాతో మనోహర్ లోపలికొచ్చేశాడు. చేతిలో తువ్వాలులో కట్టిన మూట. టేబులు మీద పెట్టి ముడి విప్పితే పద్నాలుగు పుస్తకాలు బయటపడ్డాయి.

"ఎవరు నువ్వు?" అన్నాడు డీన్.

"ఆరున్నర బస్సు కండక్టర్ని సార్. మేడాన్ని తీసేస్తారని పిల్లోళ్ళు చెప్పుకుంటాంటే విన్యా. ఇవి మీరు ఒకపారి చూడాల."

తహసీన్ ఆ అట్టలను గుర్తుపట్టి కుర్చీలోంచి లేచింది. పది రోజులుగా బస్సులో పుస్తకం లేదు. అట్ట చిరిగితే కుట్టించడానికి ఇచ్చానని మనోహర్ చెప్పాడు, ఆమె నమ్మింది. అతను చేసింది వేరు. పాత పుస్తకాలన్నీ డిపో పెట్టెలోంచి తీసి, దీనితో కలిపి, ఆమె లేని ట్రిప్పుల్లో బస్సులో పెట్టుకు తిరిగాడు. దారిలో ఎక్కిన పాత విద్యార్థినల్లా ఆపి, "నీ డౌటు యాడుందో ఎతుక్కో" అన్నాడు. ఎవరి చేతిరాత వాళ్ళకు తెలియకపోతుందా? దొరికినవాళ్ళు దాని పక్కనే పేరు రాశారు. ఊళ్ళో ఆ మాట పాకింది. జమ్మలమడుగు బస్టాండులో, ముద్దనూరు రోడ్డు మీద, ఆ బస్సు కోసం పనిగట్టుకుని వచ్చి నిలబడినవాళ్ళు కూడా ఉన్నారు.

డీన్ ఒక పుస్తకం తెరిచాడు. "ఇనుము గూడ వంగుతాదా మేడం?" అని ఎప్పుడో ఎవరో రాసిన ప్రశ్న. పక్కన కొత్త సిరాతో, "ఇది నాదే. ఇప్పుడు తొండూరులో ఏఈని" అని పేరు. ఇంకో పేజీలో, "సిమెంటు గట్టిపడినాక దాంట్లో పోసిన నీళ్ళు యాడికి పోతాయి?" దాని పక్కన, "నాదే. నాలుగుసార్లు ఫెయిలై ఐదోసారి పాసైనా. ఫర్హాన్, కువైట్. సంతకం మా తమ్ముడిది." డీన్ పేజీలు తిప్పుతూ పోయాడు. పేర్లు రెండు వందలు దాటాయి. ఒక ప్రశ్న దగ్గర ఆయనకు నవ్వొచ్చి కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"పేర్లు వద్దని చెప్పినా కదా మనోహర్" అంది తహసీన్. అది కోపమో ఏడుపో ఆమెకే తెలియలేదు.

"నేను ఒక్కటీ రాయలే మేడం. వాళ్ళదంతా వాళ్ళే రాసుకున్యారు" అని, గడియారం చూసుకుని, మనోహర్ ఖాళీ తువ్వాలు భుజాన వేసుకుని వెళ్ళిపోయాడు. బస్సు మూడు నిమిషాలు ఆలస్యంగా కదిలిందని తర్వాత తెలిసింది.

డీన్ పుస్తకాలు సర్ది ఆమె వైపు జరిపాడు. "వీటిని ఆధారంగా తీసుకుంటాను. కానీ గడిలో మాట మీ చేతిరాతలో ఉండాలి. అది స్వీయ మూల్యాంకనం. మీ బదులు కండక్టరు రాసినా నేను రాసినా చెల్లదు. రేపు సాయంత్రం ఐదు దాకా టైముంది."

తిరిగి అక్కడికే వచ్చింది వ్యవహారం. ఊరంతా కలిసి దారి వేసినా, ఆ ఆఖరి అడుగు ఆమే వెయ్యాలి. వేస్తే అమ్మ మాట పోతుంది. వెయ్యకపోతే ఉద్యోగం పోతుంది. ఆ సాయంత్రం బస్సులో తహసీన్ ప్రొద్దుటూరుదాకా పోలేదు. పుస్తకాల కట్టతో జమ్మలమడుగులో దిగింది.

మాబున్ని వాకిట్లో కూర్చుని చెనిక్కాయలు ఒలుస్తోంది. డెబ్బై దాటిన మనిషి, చూపు కాస్త తగ్గింది. తహసీన్ సంగతంతా చెప్పింది. మాబున్ని చేతులు దులుపుకుని, "ఏం రాసినారో చదువు" అంది. తహసీన్ చదివింది. ఇనుము ప్రశ్నకు మాబున్ని నవ్వింది. నాలుగుసార్లు ఫెయిలైన ఫర్హాన్ దగ్గర "పాపం" అంది. చాలాసేపు విన్నది.

"నేనేం చేసేది అమ్మీ?" అంది తహసీన్. "చెప్పుకుంటే సవాబు పోతాదని నువ్వే కదా నేర్పినావు."

"నేను యాల చెప్పొద్దన్యానో తెలుసునా నీకు?" మాబున్ని గొంతు మెల్లగానే ఉంది. "ఇచ్చేటోళ్ళ కోసరం గాదు బేటీ. తీసుకునేటోళ్ళు ఈదిలో తలెత్తుకోని తిరగాలని. ఈ పిల్లోళ్ళు ఏం చేసినారు? నాదే నాదే అని వాళ్ళే తలెత్తుకోని పేర్లు రాసినారు. ఇంగ నువ్వు దాచేది ఎవురి కోసరం? నీ కోసరమే. దాన్ని సవాబు అనరు, పొగరంటారు."

ఇన్నేళ్ళ తర్వాత కూడా ఆ ముసలిది తనను ఇంకో పెన్సిలు తెమ్మని పంపుతున్నట్టే అనిపించింది తహసీన్‌కు. 

"కామేశ్వరమ్మ టీచరు మతికుండాదా?" అంది మాబున్ని.

ఎందుకుండదు? కామేశ్వరమ్మ హైస్కూల్లో లెక్కల టీచరు. ఏడో తరగతి నుంచి పది దాకా ప్రతి సాయంత్రం తహసీన్ ఆమె ఇంటి అరుగు మీద కూర్చునేది. చేతిలో మల్లెమొగ్గలూ దారమూ ఉండేవి, ఎదురుగా పలక మీద లెక్క ఉండేది. పూలు కట్టిపెట్టడానికి వస్తోందని వీధిలో అందరూ అనుకునేవాళ్ళు. తహసీన్‌కు బీజగణితమూ, రెండు వరసల మాలా ఒకేసారి వచ్చాయి.

"పూలు కట్టేకి వస్తాందని ఈదిలో చెప్పింది టీచరమ్మే" అంది మాబున్ని. "ఊరికే సాయం తీసుకునేకి నేను ఒప్పుకోనని ఆయమ్మకు తెలుసు. అందుకే నా మానం నిలబెట్టేకి ఆ మాట పుట్టించింది. నాకు సంతకం నేర్పింది గూడ ఆయమ్మే. ఆసుపత్రిలో అందరి ముందర వేలిముద్ర ఏసేకి సిగ్గుపడతాంటే, ఒక ఆదివారం కూచోబెట్టి నేర్పింది."

ఇంకో గుప్పెడు చెనిక్కాయలు ఒడిలోకి తీసుకుని మళ్ళీ చెప్పింది. "ఆయమ్మ రిటైరైన నాడు బళ్ళో దండలేసినారు. ఎవురెవురో లేసి మాట్లాడినారు. నేను కడాకు నిలబడి ఉండా. నా బిడ్డ ఇంజినీరింగ్ చదువుతాంది, ఈయమ్మ దయే అని చెప్పల్లని నోటిదాకా వచ్చింది. మింగేసినా. ఇప్పుడు ఆయమ్మ పోయి ఆరేండ్లు. ఎవురికి చెప్పేది? నీ కాగితంలో చోటుంటే రాయి."

తహసీన్ కొంగుతో మొహం తుడుచుకుని ఫారం తీసింది. పన్నెండేళ్ళుగా సున్నా చుట్టిన ఐదో గడిలో ఇలా రాసింది: "జమ్మలమడుగులో కామేశ్వరమ్మ టీచరు నాలుగేళ్ళు ప్రతి సాయంత్రం నాకు లెక్కలు చెప్పారు. ఏమీ తీసుకోలేదు, ఎవరికీ చెప్పలేదు. ఆమె దగ్గర తీసుకున్నదాన్ని పన్నెండేళ్ళుగా బస్సులో పిల్లలకు అందిస్తున్నాను. వాళ్ళ ప్రశ్నలు, పేర్లు జతచేశాను." రాయడం మొదలుపెట్టాక చెయ్యి ఎక్కడా ఆగలేదు. తనకు దక్కినవాళ్ళను తలుచుకుంటే కడుపు నిండినట్టుంది. టీచరు ఒకరు, మనోహర్ ఒకడు, తప్పులు దిద్దించుకుని నవ్విన షోయబ్ ఒకడు, బస్సు కోసం ఎండలో నిలబడిన ఆ పిల్లలందరూ.

"ఆ పెన్ను ఇట్లియ్యి" అంది మాబున్ని.

"నీ సంతకం అక్కర్లేదు అమ్మీ. నాది చాలు."

"నీ కాగితంలో గాదు. ఆ పిల్లోళ్ళు పెట్టిన పుస్తకంలో. నేను గూడ తీసుకున్నేదాన్నే కదా."

ఆఖరి పుస్తకంలో ఆఖరి పేరు కింద, ముక్కుకు దగ్గరగా పెట్టుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుంటూ రాసింది. మొదటి అక్షరం పెద్దదైపోయి మిగతావి గీత కిందికి జారాయి.

మరునాడు నాలుగింటికి డీన్ ఐదో గడి చదివాడు. రెండోసారి కూడా చదివాడు. ఎనిమిది వేశాడు, పైన అరవై నాలుగు అని కూడి సంతకం పెట్టాడు. తర్వాత పుస్తకాలు తిరిగి ఇవ్వబోతూ ఆఖరి పేజీ దగ్గర ఆగాడు. అక్కడ పక్కన ప్రశ్నేమీ లేకుండా ఒక్క పేరే ఉంది.

"ఈ మాబున్ని ఏ బ్యాచ్ తహసీన్ గారూ?"

"అందరికంటే ముందు బ్యాచ్ సార్" అంది తహసీన్. "మా అమ్మ."